అరెకరం లోపు

"రేడియో పాడైతే?" అని అడిగాడు చీఫ్.

"చెట్లు కొట్టిస్తాను," అంది నెమలి.

నెమలి అన్నది కోడ్ పేరు. ఆమె డబుల్ ఏజెంట్. సరిహద్దు అవతలి ముఠా ఆమెను తమ మనిషే అనుకుంటోంది. ఇవతల మన అడవిలో వాళ్ళు నడిపే కలప కంపెనీకి మేనేజరు ఆమే. నల్ల కళ్ళద్దాలు, ఎత్తుమడమల చెప్పులు, లిప్‌స్టిక్‌లో రేడియో. మన ఏజెంట్ల జాబితా ఆ ముఠా చేతికి చిక్కింది. సంకేత భాషలో ఉన్న ఆ జాబితాను విప్పే యంత్రం సరిహద్దు అవతల ఉంది. జాబితా అక్కడికి చేరితే నలభై ప్రాణాలు పోతాయి. అందులో మొదటి పేరు ఆమెదే.

"జాబితాను సరిహద్దు దాటించే వాళ్ళ విమానం ఎప్పుడొచ్చినా మిట్టమధ్యాహ్నమే వస్తుంది. పాత కలప బాట మీదే దిగుతుంది. ఏ రోజన్నదే తెలియాలి," అన్నాడు చీఫ్.

"ఉపగ్రహం అయిదు రోజులకోసారి ఫొటో తీస్తుందిగా. చెట్లు కొట్టిన మచ్చ ఒక్కటి కనబడితే నేను క్షేమం. బాట పక్కన వరసగా ఎన్ని మచ్చలుంటే, ఫొటో తీసిన రోజు నుంచి అన్ని రోజులకు విమానం." ఆమె పక్క కుర్చీ వైపు తిరిగింది. "మచ్చకి నాలుగు చెట్లు చాలా, తమ్ముడూ?"

"చాలక్కా. ఆకాశంలోంచి నీ లిప్‌స్టిక్ రంగు కూడా చెప్తా."

"ముందు చొక్కా గుండీ తప్పు పెట్టుకున్నావు, అది చూసుకో."

తమ్ముడి కోడ్ పేరు డేగ. పదకొండేళ్ళుగా కుర్చీలోంచి ఎగిరింది లేదు. అడవి ఫొటోలను పాతవాటితో పోల్చి, ఎక్కడ చెట్లు పోయాయో, ఎక్కడ మంట రేగిందో చెప్పడం అతని పని.

మూడు వారాలు గడిచాయి. రేడియో రెండో రోజే మూగబోయింది. ఫొటో వచ్చిన ప్రతిసారీ కంప్యూటర్ ఒకటే మాట చెప్పింది: మార్పు లేదు. డేగకు తిండి సహించడం లేదు.

శుక్రవారం పొద్దున పదిన్నరకు చీఫ్ వచ్చాడు.

"ఏమోయ్, ఇంకా పలకలేదా?"

"లేదు సార్."

"మీ అక్క మూడు వారాలు నోరు మూసుకుని కూర్చుందంటే నేను నమ్మను."

డేగకూ నమ్మకం కలగలేదు. కంప్యూటర్ వడపోయకముందు ఉన్న అసలు ఫొటోలు తెరిచాడు. పాతదాంట్లో ఒక మచ్చ ఉంది. మొన్న సోమవారం తీసినదాంట్లో, కలప బాట పక్కన, కొత్తగా నాలుగు. తాడు పట్టి నాటినట్టున్నాయి.

అరెకరం కన్నా చిన్న మచ్చలను కంప్యూటర్ తీసిపారేస్తుంది. గాలికి చెట్టు పడ్డప్పుడల్లా అలర్టు మోగకుండా ఆ ఫిల్టరు పెట్టింది డేగే. నాలుగేళ్ళలో ఒక్క తప్పుడు అలర్టు కూడా పంపలేదని శాఖ ఇచ్చిన సర్టిఫికెట్ అతని తల వెనక గోడకు వేలాడుతోంది. అక్క పిలుస్తూనే ఉంది. చెవుల్లో దూది పెట్టుకుని కూర్చున్నది తను.

సోమవారం నుంచి నాలుగు. వేళ్ళు మడిచాడు.

"ఇవాళే సార్."

చీఫ్ ఫోన్లు చేశాడు. కమాండోల హెలికాప్టర్ చేరడానికి మూడు గంటలు పడుతుంది. టైము పదకొండు.

"చేయగలిగిందేం లేదు. చూస్తూ ఉండు."

"ఏం చూడమంటారు సార్? ఇక్కడున్నది సోమవారం. అక్క శుక్రవారంలో ఉంది."

చీఫ్ కుర్చీలో కూలబడ్డాడు. తెర మీద సోమవారం కదలకుండా ఉంది.

పదకొండుంబావుకి డేగ అగ్నిమాపక శాఖకు అలర్టు పంపే పేజీ తెరిచాడు. కలప బాట పొడవునా ఎర్ర చుక్కలు పెట్టాడు. మంట అని రాసి పంపాడు. నీళ్ళ విమానం అక్కడికి నలభై నిమిషాల దూరంలో ఉంటుంది.

పన్నెండుకి రెండు నిమిషాలుందనగా అగ్నిమాపక శాఖ ఆపరేటరమ్మ ఫోన్ చేసింది.

"ఏవండీ, పొగే లేదంటున్నాడు మా పైలట్. కింద ఏదో చిన్న విమానం ఉందట, ఫ్యాను తిరుగుతోందట, అంతే."

"నీళ్ళు పోసేయమనండి."

"నిప్పు లేనిచోట నీళ్ళెందుకండీ? మా ఆఫీసరు నా నెత్తిన పోస్తాడు!"

"నాలుగేళ్ళలో నేను తప్పుడు అలర్టు ఎప్పుడైనా పంపానా, మీరే చెప్పండి."

కీబోర్డు చప్పుడైంది. "లేదండీ."

"మరి?"

ఆమె ఇంకో లైనులో రెండు ముక్కలు చెప్పింది. డేగ గడియారం వైపు చూడలేదు.

"ఆరు వేల లీటర్లు పోశాడండీ. ఆ విమానం ఎగరబోతూ బురదలో ముక్కు గుచ్చుకుంది. ఇంతకీ మీరు ఆర్పమన్నదేంటండీ?"

"అక్కడ ఆడమనిషి ఎవరైనా..."

"జనం పరిగెడుతున్నారట. పైనుంచి ఆడో మగో ఎలా తెలుస్తుందండీ?"

అది డేగకు ఒకరు చెప్పనక్కర్లేదు.

రెండు గంటలకు కమాండోలు దిగారు. జాబితా దొరికింది. ముఠాలో ఆరుగురు దొరికారు. నాయకుడు దొరకలేదు. నెమలి దొరకలేదు. బురదలో ఒక ఎత్తుమడమ చెప్పు ఉంది.

"వాడి వెంటే వెళ్ళుంటుంది. లేదంటే..." అని చీఫ్ ఆగిపోయాడు.

శనివారం ఫొటో వచ్చింది. అంచు నుంచి అంచుదాకా మేఘాలు. డేగ తెరను వేలితో తుడిచాడు. ఇంకో అయిదు రోజులు. ఈలోగా సర్టిఫికెట్ వెనక్కిమ్మని మెమో వచ్చింది. ఇచ్చేశాడు. గోడకు మేకు మిగిలింది.

గురువారం కంప్యూటర్ మళ్ళీ అదే చెప్పింది: మార్పు లేదు. డేగ ఫిల్టరు తీసేసి, సాయంత్రం దాకా అడవిని అంగుళం అంగుళం వెతికాడు. బాటకు పన్నెండు మైళ్ళ అవతల, వాగు మలుపులో ఒక మచ్చ ఉంది. గాలికి పడ్డ చెట్లు చెల్లాచెదురుగా పడతాయి. ఇది చొక్కా గుండీలా గుండ్రంగా ఉంది.

చీఫ్‌కి ఫోన్ చేశాడు.

"అడవిలో ఎవరో నాలుగు చెట్లు కొట్టేశారు సార్. కేసు రాయమంటారా?"