కాలని గొట్టం

ఒక్కటే గుండు. లేబొరేటరీ కిటికీ అద్దం పగిలింది, మెటలర్జిస్టు ప్రకాశం కొలిమి పక్కనే ఒరిగిపోయాడు. 1942 మే నెల, కర్నూలు, మిట్టమధ్యాహ్నం. కాల్చినవాళ్లు దొరకలేదు. బల్ల మీద ఉండాల్సిన మూరెడు ఉక్కు గొట్టం కూడా కనబడలేదు.

మరునాడు ట్రావెలర్స్ బంగళాలో చీఫ్ లాజరు బ్రీఫింగ్ మొదలుపెట్టాడు. ఎదురుగా ఏజెంట్ ఉరుకుందు.

"టాప్ సీక్రెట్. హీట్ రెసిస్టెంట్ అల్లాయ్ స్టీల్, బాయిలర్ గొట్టాల కోసం. మామూలు ఉక్కు ఆ వేడికి పొరలు పొరలుగా రాలి, మెత్తబడి, చివరికి పగులుతుంది. ఇది పగలదు. ఏళ్ల తరబడి కరిగించి పోస్తే ప్రకాశానికి ఒక్క గొట్టం కుదిరింది."

"ఫార్ములా?"

"ఆయన తలలో ఉండేది. ఇప్పుడు ఆ గొట్టమే ఫార్ములా. కోసి పరీక్షిస్తే ఏ లోహం ఎంత కలిపాడో తెలిసిపోతుంది. మనకైనా, శత్రువుకైనా."

 ఉరుకుందు అన్న తిమ్మయ్య ఒక మిల్లులో బాయిలర్ ఫైర్‌మన్‌గా పనిచేసేవాడు. నాలుగేళ్ల కిందట గొట్టం పగిలిన రోజు ఆవిరంతా అతని మొహం మీదికే వచ్చింది. శవాన్ని ఇంటికి తెచ్చాక మొహం మీది గుడ్డ ఎవరినీ తియ్యనివ్వలేదు, అమ్మను కూడా. ఈ గొట్టం దేశం దాటిపోతే ఇక్కడి బాయిలర్లకు మళ్లీ ఆ పాత ఉక్కే గతి.

"కడపలో బ్రూనర్ అని ఒక స్విస్ వ్యాపారి," అన్నాడు చీఫ్. "పైకి నాపరాళ్ల బేరం. లోపల శత్రువుల గూఢచారి ముఠా. పొద్దున పోలీసులు అతని పెట్టెలన్నీ సోదా చేసినా ఏమీ దొరకలేదు. రేపు మధ్యాహ్నం బొంబాయి మెయిల్ ఎక్కుతున్నాడు. అతని బంగళాలో మన మనిషి ఉంది. డ్రామా స్టార్ మిస్ మోహిని, డబుల్ ఏజెంట్. వీధి చివర మఫ్టీలో పోలీసులు ఉంటారు. నీ వేషం కత్తులకు సాన పట్టేవాడు. మామూలు ఇనుము చక్రానికి ఆనిస్తే తెల్లటి చుక్కలు చిమ్ముతుంది. మన స్టీల్ అయితే పొట్టి పొట్టి ఎర్ర రవ్వలు. చక్రమే నీ డిటెక్టర్."

"బ్రహ్మాండమైన ప్లాన్ సార్," అన్నాడు ఉరుకుందు. అంత దిక్కుమాలిన ప్లాన్ తన సర్వీసులోనే లేదని కడపలో దిగాక గాని అతనికి తెలియలేదు.

అది ఊరగాయల కాలం. సాన చక్రం భుజాన వేసుకుని వీధిలో అడుగు పెట్టాడో లేదో, ఇంటింటి నుంచీ కత్తిపీటలు బయటికొచ్చాయి.

"ఏమప్పా, యాడికి పోతాండావు? మామిడికాయలు కుప్ప పోసుకోని కూచున్యాం. మా కత్తిపీట సూసి పో."

పనుందని చెబితే అనుమానం, సరేనంటే ఆలస్యం. బ్రూనర్ బంగళా కళ్లెదురుగానే ఉంది, అక్కడికి చేరడమే కుదరడం లేదు. దేశాన్ని కాపాడ్డానికి వచ్చినవాడు కడప ఎండలో కూర్చుని కత్తిపీటలకు పదును పెట్టాడు. చీఫ్ లాజరును మనసులో తిట్టని తిట్టు లేదు.

గేటు దాటేసరికి మెయిల్ టైము దగ్గర పడింది. వరండాలో నీలం జార్జెట్ చీరలో మిస్ మోహిని నిలబడి ఉంది.

"ఆలూరు దోసకాయలు ఈ ఏడు చేదంటమ్మా," అని కోడ్ చెప్పాడు ఉరుకుందు.

"కోసే చెయ్యి మంచిదైతే చేదుండదు," అని ఆమె సరిగ్గా బదులిచ్చి, గొంతు తగ్గించింది. "గొట్టం వెనక షెడ్డులో, పాత ఇనుప గొట్టాల మధ్య దాచారు. వెతుక్కో."

షెడ్డు నిండా మూరెడేసి పాత గొట్టాలే. ఒక్కొక్కటీ ఎత్తి చక్రానికి ఆనించాడు. తెల్ల చుక్కలు. మళ్లీ తెల్ల చుక్కలు. నడుం పడిపోయింది, గొంతు పిడచగట్టింది. ఛీ, ఇదీ ఒక ఉద్యోగమేనా అనుకుంటూ చక్రం దించి వంటింటి గుమ్మంలో కూలబడ్డాడు. లోపల వంటామె భీమక్క పొయ్యి ఊదుతోంది.

"కొంచెం మజ్జిగ ఇయ్యక్కా."

"ఉండప్పా, ఇస్తా. ఈ పాడు ఊదుగొట్టంతో యాగలేకుండా ఉండా. శానా బరువు, పండ్లు అదురుతాండాయి. మొన్న సందకాడ మోహినమ్మ తెచ్చిచ్చి, దీంతోనే ఊదల్ల అనె. ఇది ఇనుమేనా అని నాకు అనుమానం. నిప్పుల్లో పెట్టినా కొస నల్లబడల్యా. ఆ పాతది సూడు, ఎట్ల పొరలు రాలిపోయిందో."

ఉరుకుందు లేచాడు. కొస నిప్పుల్లో పెట్టి ఉన్న మూరెడు గొట్టాన్ని నోటి వైపు పట్టుకుని తీశాడు, చక్రం తిప్పి కాలిన కొసను ఆనించాడు. పొట్టి పొట్టి ఎర్ర రవ్వలు రాలాయి.

"తెలివైనవాడివే," అంది వెనక నుంచి మిస్ మోహిని. కుడిచేతిలో చిన్న పిస్టల్. "పోలీసులు పెట్టెలన్నీ సోదా చేశారు. పొయ్యి దగ్గరికి ఒక్కడూ రాలేదు."

"ప్రకాశాన్ని కాల్చింది..."

"నేనే. రెండోసారి కాల్చడం నాకు కష్టం కాదు. దాన్ని పొయ్యి గట్టు మీద పెట్టు."

బయట బ్రూనర్ కారు హారన్ మోగింది. ఉరుకుందు గొట్టాన్ని మెల్లగా గట్టు మీద పెట్టాడు. నోటి కొస తన వైపు, పొయ్యి కొస ఆమె వైపు. ఎరుపు చల్లారింది, నలుపు రాలేదు. అప్పుడే తోమి పెట్టినట్టు మెరుస్తోంది. భీమక్క ఏదో చెప్పబోయింది. ఉరుకుందు కళ్లతోనే ఆపాడు.

పుట్టిన తర్వాత ఒక్కసారైనా పొయ్యి ఊదిన మనిషైతే గొట్టాన్ని ఆ వైపు ముట్టుకోదు. మిస్ మోహిని ఎడంచేత్తో గట్టిగా పట్టుకుంది.

ఆ కేకకు మఫ్టీ పోలీసులు పరుగెత్తుకొచ్చారు. జారిపడిన పిస్టల్ ఉరుకుందు కాలి కింద ఉంది. గేటు దగ్గర బ్రూనర్ కారు దిగకుండానే దొరికాడు. దూరంగా బొంబాయి మెయిల్ కూత వేసి, అతన్ని ఎక్కించుకోకుండానే వెళ్లిపోయింది. భీమక్క గబగబా చెంబు తెచ్చి మోహిని అరచేతి మీద వంచింది.

"గొట్టం కాలదంటే చెయ్యి కూడా కాలదనుకుంటివా తల్లీ?"

ఉరుకుందు గొట్టాన్ని తువ్వాలులో చుట్టాడు. ఇది నాలుగేళ్ల ముందు ఉండి ఉంటే అన్న బతికేవాడు కదా అనిపించి కళ్లు మండాయి. పొగ వల్లే అనుకున్నాడు.

"అక్కా, నా మజ్జిగ?"

"యాడిదప్పా మజ్జిగ? ఆయమ్మ చేతికే సరిపాయ. పోతా పోతా మా కత్తిపీట సూసి పో."