‘ఎస్’ అనే పాప

ఒక్క నిమిషం ఆగండి! చేతిలో పని పక్కన పెట్టి ఇది వినండి. రాయపూర్‌లో ఒక శనివారం పొద్దున, ప్లేట్లో అటుకుల పోహా చల్లారేలోపే, ఒక ఇల్లు పంతొమ్మిదేళ్లు వెనక్కి వెళ్లిపోయింది.

ఆ ఇంటావిడ సుశీల. కాలేజీలో సైకాలజీ ప్రొఫెసర్. పాతికేళ్లుగా ఆమె ప్రాణం పెట్టి చెప్పే పాఠం ఒక్కటే, చిన్నపిల్లల దుఃఖం. చుట్టుపక్కల ఊళ్లు తిల్దా, ధర్సీవాల నుంచి కూడా తల్లిదండ్రులు పిల్లల్ని తీసుకుని ఆమె సలహా కోసం వస్తారు. భర్త దానియేలుది రైల్వే ఉద్యోగం, ఇరవయ్యారేళ్ల కూతురు స్వాతిది నయా రాయపూర్‌లో ఉద్యోగం.

సుశీల లోపల చీర కట్టుకుంటూ ఉండగా ఈమధ్యే పక్కింట్లో దిగిన నీలిమ వచ్చింది. ఆమె సుశీల దగ్గరే ఎం.ఏ. చదువుతోంది.

“స్వాతి దీదీ, ఈ నోట్‌బుక్ మేడమ్‌కి ఇచ్చెయ్యవా? దిద్దాలన్నారు. అబ్బ, నిన్న ‘ఎస్’ కేసు చెప్పారు, సచ్ మే, నిజంగా, లాస్ట్ బెంచీ వాళ్లు కూడా ఏడ్చేశారు!”

“ఎస్ ఎవరే?”

“అసలు పేరు చెప్పకూడదుగా, అందుకని ఎస్. ఏడేళ్ల పాప. తమ్ముణ్ణి చెయ్యి పట్టుకుని ఆడిస్తోందట, చెయ్యి విడిపోయింది, వాడు రోడ్డు మీదికెళ్లి లారీ కింద పడ్డాడట. ఆ పాప అయిదు నెలలు నోరే విప్పలేదట. బాప్ రే! ఏటా చెప్తారంట, పరీక్షలో పది మార్కులకి పక్కా అంట. సరే దీదీ, ఆటో వచ్చేసింది!”

నీలిమ వెళ్లిపోయింది. స్వాతి నోట్‌బుక్ పట్టుకుని అలాగే నిలబడింది. ఆ తమ్ముడు తన తమ్ముడే, పేరు ఆరోన్. వాడు పోయిన దగ్గర్నుంచి ఆ ఇంట్లో వాడి ఫోటో లేదు. దానియేలు పొరపాటున పేరెత్తితే సుశీల లేచి వెళ్లి కుళాయి తిప్పేది, నీళ్ల చప్పుడులో ఆ మాట కలిసిపోయేది.

సుశీల బయటికొచ్చింది. “ఏంటే, స్టవ్ మీద ఏదో మాడుతోంది?”

“మమ్మీ, నేను పది మార్కులా?”

సుశీల చేతిలో పిన్నీసు జారిపోయింది.

“ఏటా అరవై మందికి నా కథ చెప్తావా? ఇంట్లో వాడి పేరెత్తనివ్వవు, అక్కడ చెప్పి చప్పట్లు కొట్టించుకుంటావా?”

“చప్పట్లు కాదమ్మా...”

“మరేంటి? చూడండర్రా, తమ్ముణ్ణి వదిలేసిన పిల్ల ఇలా ఉంటుంది అని చూపిస్తావా?”

పక్కన కుర్చీలో బూట్లు వేసుకుంటున్న దానియేలు తాళ్లు వదిలేసి లేచాడు. “చుప్! తల్లితో అలాగేనా మాట్లాడేది?”

“మీరాగండి డాడీ! ఏం రాయించిందో నేనే చదువుతా.”

స్వాతి చేతిలోని నోట్‌బుక్ విప్పబోయింది. సుశీల “వద్దే, వద్దు” అంటూ అడ్డం వచ్చింది కానీ అప్పటికే పేజీ తెరుచుకుంది. హిందీలో ఉన్నదాన్ని స్వాతి కోపంగా తెలుగులో చదవడం మొదలుపెట్టింది.

“ప్రశ్న, తల్లి ఎక్కడ తప్పు చేసింది? జవాబు... పాప చెయ్యి వదల్లేదు. బాబే విదిలించుకుని పరుగెత్తాడు. పరీక్ష పేపర్లు దిద్దుకుంటున్న తల్లి కిటికీలోంచి అది చూసింది. అయినా పాపని, ఎందుకు వదిలావే అని అడిగింది. తన బాధ మోయలేక... పిల్ల మీద పెట్టింది. ఆ పిల్లకి ఇప్పటికీ నిజం చెప్పలేదు.”

చివరి మాట స్వాతి రెండుసార్లు చదివింది. దానియేలు కుర్చీలో కూలబడ్డాడు. ఆ రోజు ఆయన డ్యూటీలో ఉన్నాడు, ఆయనకీ తెలియదు.

“నువ్వు చూశావా?” స్వాతి నెమ్మదిగా అడిగింది.

“చూశాను. నాలుగు పేపర్లే మిగిలాయి, అవి అయ్యాక పిల్లల దగ్గరికి వెళ్దామనుకున్నాను.”

“నేనే వదిలేశాననుకున్నాను మమ్మీ. నువ్వలా అడిగాక నాకు అదే గుర్తుండిపోయింది. రేపు పెళ్లయినా పిల్లలొద్దనుకున్నాను, నా చేతుల్లో ఏ పిల్లా బతకదని. పంతొమ్మిది బ్యాచ్‌లకి తెలుసు నా తప్పు లేదని. నాకే తెలీదు!”

సుశీల నేల మీద కూర్చుండిపోయింది. “క్లాసులో తల్లి అంటే ఎవరో తల్లి. ఆవిణ్ణి ఎంతైనా తిట్టగలను. ఇంటికొచ్చి నీ మొహం చూస్తే నోరు రాదు. నువ్వూ అసహ్యించుకుంటే ఇంక నాకెవరున్నారే?”

పాతికేళ్లు ఊళ్లోవాళ్ల పిల్లల్ని మాట్లాడించిన మనిషి, ఆ మాట తర్వాత చిన్నపిల్లలా వెక్కివెక్కి ఏడ్చింది. స్వాతి గుమ్మం దాకా వెళ్లింది. బ్యాగు భుజానికి తగిలించుకుంది. బయట ఆఫీసు బస్సు హారన్ కొట్టి, కొట్టి, వెళ్లిపోయింది.

చాలాసేపటికి ఆమె వెనక్కి వచ్చి తల్లికి కాస్త దూరంగా, అదే నేల మీద కూర్చుంది.

“ఇప్పుడు నాకు చెప్పు. ఎస్ అనొద్దు, బాబు అనొద్దు. పేర్లు పెట్టి చెప్పు.”

సుశీల కొంగుతో కళ్లు తుడుచుకుంది. “ఆరోన్... ఆరోన్ ఆ రోజు చెప్పులేసుకోనని ఒకటే గోల...”

దానియేలు రెండు చేతుల్లో మొహం దాచుకున్నాడు. స్వాతి ఏడుస్తూనే వింటోంది. క్షమించానని మాత్రం ఇంకా అనలేదు. మీరు స్వాతి అయితే ఆ గుమ్మం దగ్గర్నుంచి వెనక్కి వచ్చేవారా, బస్సెక్కి వెళ్లిపోయేవారా?