పడమటి దిండ్లు

"ఎవరు కట్టారు మా అమ్మమ్మ చేతులు? ముందు ఆ మనిషిని నాకు చూపించండి!"

ఆడవాళ్ళ ఎముకల వార్డు గుమ్మంలో నిలబడి ఆ కుర్రాడు వేసిన కేకకి ఫికున్ చేతిలోని ట్రేలో మందు సీసాలు గలగలలాడాయి. ఆమె మధ్యాహ్నం డ్యూటీకి అప్పుడే వచ్చింది. ఇంకా ఎవరి మంచం దగ్గరికీ వెళ్ళనైనా లేదు.

"ఇది ఆసుపత్రి, చేపల సంత కాదు. గొంతు తగ్గించండి," అంది.

"తగ్గించను. నువ్వేనా కట్టింది?"

"నువ్వేంటి? మీరు అనండి."

"సరే, మీరేనా కట్టింది?"

"కాదు. కానీ నేను వేసుకున్నదీ అదే యూనిఫాం కదా, కావలిస్తే నన్నే తిట్టుకోండి. తిట్టడం అయ్యాక కాస్త పక్కకి జరిగితే కట్లు విప్పుతాను."

అతని పేరు థివా. బజారుకి ఐసు వేసే బండి నడుపుతాడు. చొక్కా సగం తడిసి ఉంది, జుట్టులో ఐసు మీద కప్పే ఊక చిక్కుకుని ఉంది. అంత కోపంలోనూ కళ్ళు మాత్రం బాగున్నాయని ఫికున్‌కి అనిపించింది. ఇలాంటప్పుడు అలా అనిపించినందుకు ఆమెకి తన మీదే ఒళ్ళు మండింది.

బువాఖమ్ అమ్మమ్మ పెరట్లో జారిపడి తుంటి ఎముక విరగ్గొట్టుకుంది. ఆపరేషన్ బాగానే జరిగింది. అయితే వార్డుకి తెచ్చినప్పటి నుంచీ ఆవిడ పడుకోదు. పడుకోబెట్టిన మరుక్షణం లేచి కూర్చుంటుంది, కాళ్ళు కిందికి దించబోతుంది. పడిపోతే తన పీకకి చుట్టుకుంటుందని హెడ్ నర్సు సుమాలి గుడ్డ పట్టీలతో రెండు చేతులూ మంచానికి కట్టించింది.

ఫికున్ పట్టీలు విప్పింది. ఆ సన్నటి మణికట్ల మీద ఎర్రటి చారలు చూసేసరికి ఆమెకి రక్తం ఉడికిపోయింది. అమ్మమ్మ మాత్రం కట్లు ఊడగానే మళ్ళీ లేవబోయింది.

"పడుకో అమ్మమ్మా, కుట్లు ఊడిపోతాయి."

"పడుకోను."

"ఎందుకు పడుకోవు?"

అమ్మమ్మ పక్క మంచాల వైపు ఒకసారి చూసి పెదవులు బిగించుకుంది.

"ఇంక చాలు," అన్నాడు థివా. "ఇంటికి తీసుకుపోతా. కింద బండి ఉంది."

"ఐసు బండిలోనా? మీకు మతి ఉందా? ఇప్పుడు కదిపితే ఈవిడ ఇంక జన్మలో నడవదు!"

"ఇక్కడుంటే చేతులు కట్టేస్తారు. ఏది మేలో మీరే చెప్పండి."

మాటకి మాట అప్పజెప్పడంలో ఫికున్‌ని మించినవాళ్ళు ఆ ఆసుపత్రిలో లేరు. అలాంటిది ఈ ఊక జుట్టువాడి ముందు నోరు పడిపోయిందే అని ఉక్రోషం ముంచుకొచ్చింది. ఆ ఉక్రోషంతోనే మంచం అంచున కూర్చుని అమ్మమ్మ మొహంలో మొహం పెట్టింది.

"చూడు అమ్మమ్మా, నువ్వు చెప్పేదాకా నేనిక్కణ్ణించి కదలను. నొప్పా? భయమా? నా మీద కోపమా? ఏదైనా సరే చెప్పు."

అమ్మమ్మ ఆమె మెడ పట్టుకుని దగ్గరికి లాక్కుంది. చెవిలో గుసగుసగా అంది:

"పొద్దున ఎండ నా పాదాల మీద పడింది తల్లీ. అంటే నా తల ఎటున్నట్టు?"

ఫికున్ చప్పున కిటికీ వైపు తిరిగింది. పడమటికి వాలిన ఎండ దిండు వెనకనించి వస్తోంది. వాళ్ళ ఊళ్ళలో పడమటికి తల పెట్టి పడుకోబెట్టేది చనిపోయినవాళ్ళనే. అది చిన్నపిల్లలకి కూడా తెలుసు. వార్డుని ఈ కొత్త భవనంలోకి మార్చినప్పుడు ఆక్సిజన్ గొట్టాలు పడమటి గోడకి వచ్చాయి, మంచాలన్నీ ఆ గోడకే చేరాయి. అక్కడ పనిచేసేవాళ్ళెవరూ ఆ మంచాల మీద పడుకోరు కనక మూడో అంతస్తులో తూర్పు ఎటో ఎవరికీ పట్టలేదు. తనకీ పట్టలేదు.

"మరి నోరు విప్పి చెప్పొచ్చు కదా, అమ్మమ్మా!"

"ఎలా చెప్పనే? వీళ్ళందరూ అలాగే పడుకున్నారు. పాపం, తెలిస్తే హడలిపోతారు."

ఫికున్ లేచి మంచం చక్రాల బ్రేకు తన్నింది.

"ఊరికే చూస్తారేం? అటు పట్టుకోండి," అని థివా మీద అరిచింది.

"ఏం చేస్తున్నారు?"

"మీరు అరిచినదానికి చేతల్లో జవాబు చెబుతున్నాను. తోయండి!"

ఇద్దరూ కలిసి మంచాన్ని తిప్పారు. తూర్పు వైపుకి తల రాగానే అమ్మమ్మ ఎవరూ చెప్పకుండానే వెనక్కి వాలింది, చేతులు పొట్ట మీద పెట్టుకుని కళ్ళు మూసుకుంది.

పక్క మంచం మీది ముసలావిడ దగ్గింది.

"నాదీ తిప్పు తల్లీ. వచ్చినప్పటి నుంచీ కంటి మీద కునుకు లేదు."

"మీకూ తెలుసా?"

"తెలీకపోవడమేంటి? పక్కవాళ్ళు భయపడతారని ఊరుకున్నా."

"నేనూ అందుకే ఊరుకున్నా," అంది ఆ పక్క మంచం ఆవిడ. ఆ తర్వాతి ఆవిడా అదే మాట అంది. వార్డు వార్డంతా ఒకరికోసం ఒకరు నోరు మూసుకుని నిద్ర మానుకున్నారు. ఫికున్‌కి ఏడుపొచ్చింది, దాని వెనకే కోపమూ వచ్చింది. థివా చొక్కా చేతులు పైకి మడిచి, ఒక్కో మంచాన్నీ తిప్పుతూ వరస వెంట నడిచాడు. కింద బండిలో ఐసంతా నీరైపోతున్న సంగతే మర్చిపోయాడు.

సుమాలి వచ్చేసరికి సగం వార్డు తిరిగిపోయింది.

"ఎవరిచ్చారు నీకు ఈ అధికారం?"

"మీరు ఆ పట్టీలు కట్టించేముందు ఎందుకు పడుకోవడం లేదని ఆవిణ్ణి ఒక్క మాట అడిగారా, అక్కా?"

"పడితే ఎవరు బాధ్యులు? నీకేం తెలుసు?"

"నాకు తెలిసిన నర్సు పని ఇంతే. మనిషికి ఎముక ఒక్కటే ఉండదు. ఊరుంటుంది, నమ్మకం ఉంటుంది, నోటితో చెప్పుకోలేని భయం ఉంటుంది. అవన్నీ కలిపే మన వార్డులో చేర్చుకున్నాం. అడక్కుండా చేతులు కట్టేసేది పోలీసులు. ఆక్సిజన్ గొట్టాలు మంచం అవతలి అంచుదాకా వస్తాయి, నేను చూశాను. కావాలంటే నన్ను పంపించెయ్యండి. మంచాలు మాత్రం ఇలాగే ఉంటాయి."

అన్నట్టే పంపించేశారు. మర్నాటి నుంచి ఫికున్‌కి కింద ఇంజెక్షన్ల గదిలో డ్యూటీ. మంచాలు మాత్రం అలాగే ఉండిపోయాయి. వెనక్కి తిప్పడానికి వచ్చినవాళ్ళని ముసలమ్మలందరూ కలిసి దులిపేశారు.

కొన్నాళ్ళకి, జోరున వాన కురుస్తున్న పూట, థివా ఆ గది గుమ్మంలో నీళ్ళు కారుతూ ప్రత్యక్షమయ్యాడు.

"వేలికి ఐసు రంపం తగిలింది."

ఫికున్ వేలు వెతికి వెతికి ఓ గీత కనిపెట్టింది. "దీనికి ఆసుపత్రిదాకా వచ్చారా?"

"పెద్దాఫీసరుతో పోట్లాడ్డానికొచ్చా. మిమ్మల్నిక్కడ పడేస్తే నేనూరుకోను."

"నా పోట్లాటలు నేను పోట్లాడుకోగలను. ముందు అమ్మమ్మ సంగతి చెప్పండి. నడుస్తోందా?"

థివా తల దించుకున్నాడు. "ఇంటికి తెచ్చాక మంచం దిగడం లేదు. పడతానని భయం."

"ఇన్నాళ్ళూ చెప్పకుండా ఏం చేస్తున్నారు? ఆ కాలు అలాగే బిగుసుకుపోతుంది! పదండి!"

డ్యూటీ దిగగానే ఐసు బండెక్కింది. ఆ వానాకాలమంతా సాయంత్రాలు ఆమె వాళ్ళింట్లోనే అరుస్తూ గడిపింది. నిలబడమని అమ్మమ్మ మీద అరిచేది, వాకర్ సరిగ్గా పట్టుకోమని థివా మీద అరిచేది. అమ్మమ్మ ఆమెని తిడుతూనే ఓ అడుగు వేసేది, తిడుతూనే మరో అడుగు వేసేది. థివా జిగురన్నం ముద్ద చేసి ఫికున్ చేతిలో పెట్టి కళ్ళలోకి చూసేవాడు, ఏదో చెప్పబోయేవాడు, బండి చప్పుడు చేస్తోందని లేచిపోయేవాడు. ఆగి ఉన్న బండి ఎలా చప్పుడు చేస్తుందో ఆమెకి అర్థమయ్యేది కాదు. పోట్లాడ్డానికి లేని సిగ్గు ఈ మాట చెప్పడానికేనా అని పళ్ళు నూరుకునేది. చివరికి కోపంతో వెళ్ళడమే మానేసింది.

వానలు వెనకపట్టాయి. ఓ సెలవు రోజు పొద్దున్నే ఫికున్ వాళ్ళమ్మ, "ఫికున్, ఎవరొచ్చారో చూడు," అని కేకేసింది.

కర్ర స్తంభాల మీద కట్టిన ఇల్లు అది. నిటారు మెట్లు. ఆ మెట్ల మీద, ఒక చేత్తో కమ్మీ పట్టుకుని, కొత్త అచ్చుపూల లంగా కట్టుకుని బువాఖమ్ అమ్మమ్మ ఎక్కుతోంది. వెనక రెండు చేతులూ చాచి, మొహం పాలిపోయి థివా వస్తున్నాడు.

"అమ్మమ్మా! మెట్లెక్కమని ఎవరు చెప్పారు నీకు?"

"అరవకే. పిల్లనడగడానికి వచ్చినవాళ్ళు కింద నిలబడి అడుగుతారా?"

ఆఖరి మెట్టెక్కి, ఆయాసం తీర్చుకుని, ఫికున్ వాళ్ళమ్మకి చేతులు జోడించింది. "మీ అమ్మాయిని మా వాడికివ్వండి. వాడు అడగలేడు. ఈ పిల్ల కోప్పడుతుందని భయమట."

"భయమైతే నా జోలికెందుకొచ్చాడు?" అంది ఫికున్.

"నువ్వు రాని సాయంత్రాలు మా ఇంట్లో ఎవరూ అరవడం లేదు," అన్నాడు థివా. "ఆ నిశ్శబ్దం భరించలేకపోతున్నాను. నువ్వంటే ప్రేమ నాకు. ఇప్పుడు కోప్పడు."

ఈసారి అతను నువ్వు అంటే ఆమె దిద్దలేదు. అమ్మమ్మ ఇద్దరినీ మార్చి మార్చి చూసింది.

"ఏమంటావే మరి? ఒప్పుకున్నట్టేనా?"

"ఒప్పుకున్నాను," అంది ఫికున్, కళ్ళు తుడుచుకుంటూ, ఇంకా కోపంగానే. "ముందు నువ్వు కూర్చో. దిగేటప్పుడు ఒక్కదానివే దిగావంటే ఊరుకోను."