మామగారికి పోసిన తేనెకల్లు

ఆ రోజు పొద్దున కూడా టిల్బా మగ్గం ముందు నిలబడి ఎర్రనూలుతో అంచు నేస్తోంది. ఆ అంచు పెళ్ళికూతురి గౌనుకి. పెళ్ళికొడుకు టిల్బా మొగుడే.

నేతపాకలో మిగతా ఆడవాళ్ళు ఆమె ముఖంలోకి చూడకుండా పని చేసుకుంటున్నారు. నూలు బిగువు కోసం మగ్గాలకు వేలాడదీసిన మట్టిగుండ్లు ఒకదానికొకటి తగిలి టకటకమంటున్నాయి. బయట నది మీద నుంచి లేచిన పొగమంచు రెల్లుదుబ్బుల్ని మింగి, గుమ్మం దాకా వచ్చి ఆగింది.

"చెయ్యి నొప్పని చెప్పి పడుకోరాదుటే?" అంది బేగా. రాజుగారి ఇంట్లో పుట్టినవాళ్ళకు మొదటి స్నానం, పోయినవాళ్ళకు చివరి స్నానం చేయించే ముసలావిడ.

"నేయకపోతే ఏడుస్తూ కూర్చున్నానంటారు పెద్దమ్మా."

"ఏడిస్తే తప్పేముంది?"

"దాని ముందా?"

అది అంటే సెల్బర్గ్. ఆకులు రాలే రోజుల్లో పోయిన హున్‌లాఫ్ రాజుకి రెండో భార్య. టిల్బా కంటే చిన్నది. దక్షిణాన పెద్ద రాజు కూతురు. ఆమె వెంట వచ్చిన ఈటెలవాళ్ళు ఎటు నిలబడితే సింహాసనం అటే. మొదటి భార్య కొడుకులు ఇద్దరిలో ఆమెను చేసుకున్నవాడే రాజు అని పెద్దలు తేల్చేశారు. పోయిన రాజు పెళ్ళాన్ని కొత్త రాజు చేసుకోవడం ఆ నేలమీద కొత్తేమీ కాదు.

పెద్దకొడుకు ఓర్డ్రిక్ ముందుగా సరే అన్నాడు. ఆ రాత్రే టిల్బాతో చెప్పాడు.

"తమ్ముడు చేసుకుంటే నా తల మెడ మీద ఉండదు టిల్బా. నిన్ను వెళ్ళిపొమ్మన్నానా? ఇక్కడే ఉండు. తిండికీ బట్టకీ లోటు రానివ్వను."

"చావడిలో గిన్నె ఎవరు అందిస్తారు?"

ఓర్డ్రిక్ దుప్పటి మీదికి లాక్కున్నాడు. అటు తిరిగి పడుకున్నాడు.

విందులో రాణి తేనెకల్లు గిన్నె తెచ్చి, తన చేత్తో మొగుడికి మొదటి గుక్క ఇస్తుంది. ఆ తర్వాతే ఎవరైనా తాగేది. కోడలిగా వచ్చిన నాటి నుంచి టిల్బా ఆ నడక కోసమే ఎదురుచూసింది. బల్లల మధ్య ఎలా నడవాలో, ఎవరి దగ్గర తల ఎంత వంచాలో మనసులో ఎన్నిసార్లు నడిచి చూసుకుందో.

అంచు పూర్తయింది. దారం తెంపి, బేగా చేతిలో పెట్టి, టిల్బా బయటికి వెళ్ళింది.

వంటపాక వెనక పెళ్ళికని తెచ్చిన కల్లు పీపాలు ఉన్నాయి. ఇంకా ఎవరూ ముట్టుకోలేదు. ఒక పీపా మూత ఎత్తి, మొదటి గరిటె తాగడానికి వాడే ఒక ఎద్దుకొమ్ములో పోసుకుంది. దాన్ని పైవస్త్రం కింద దాచి, గట్టు మీదికి నడిచింది.

మధ్యాహ్నమే. అయినా సూర్యుడు ఎక్కడున్నాడో తెలియడం లేదు. తడిసిన గడ్డి వాసన. దాని కింద, కొత్తగా తవ్విన మట్టి వాసన. మామగారి సమాధి దిబ్బ మంచులో నల్లగా, పెద్ద జంతువేదో పడుకున్నట్టు కనిపించింది. దాని కిందే ఆయన, రాజుల్ని పెట్టి పూడ్చే పడవలో, కత్తి పక్కన పెట్టుకుని ఉన్నాడు.

"మామయ్యా," అంది టిల్బా. "హాయిగా పడుకున్నారా?"

ఎక్కడా పిట్ట కూడా కూయలేదు.

"మీ ఆవిడ ఇవాళ మీ కొడుకు పక్కన కూర్చుంటోంది. మీ దుప్పట్లోనే పడుకుంటుంది. మీకేం అనిపించడం లేదా? నాకైతే ఒళ్ళు మండిపోతోంది. లేవండి. లేచి వెళ్ళి తెచ్చుకోండి మీ పెళ్ళాన్ని."

కొమ్ము వంచింది. కల్లు గడ్డి మీద పడింది. చలికి గట్టిపడిన నేల... గుటుక్కున తాగేసింది. ఒక్క చుక్క పైన నిలవలేదు.

టిల్బా ఒక అడుగు వెనక్కి వేసింది. మట్టి లోపల ఎక్కడో చెక్క కిర్రుమంది. పడుకున్న మనిషి పక్కకి ఒత్తిగిలితే మంచం చేసే చప్పుడు.

కొమ్ము అక్కడే పడేసి పరుగెత్తింది.

చలికాలపు పొద్దు తొందరగా కుంగింది. చావడిలో మంటలు వేశారు. పందిమాంసం కాలుతున్న వాసన, తడి ఉన్ని వాసన, మనుషుల వాసన కలిసిపోయాయి. టిల్బాకి ఆడవాళ్ళ బల్ల చివర చోటిచ్చారు. పక్కన ఖాళీ.

సెల్బర్గ్ గిన్నె పట్టుకుని వచ్చింది. ఎర్ర అంచు నేలను రాస్తోంది. నడక బాగుంది. టిల్బా గోళ్ళు అరచేతిలోకి దిగాయి.

ఓర్డ్రిక్ గిన్నె అందుకుని ఒక గుక్క తాగాడు. వెంటనే ఉమ్మేశాడు. బల్ల మీద తడిమట్టి పడింది.

ఒక్కసారిగా అందరూ ఆగిపోయారు. తమ్ముడు విగ్‌స్టన్ మాత్రం నవ్వాడు. "ఏం అన్నా? నాన్న ఎంగిలంతా నోటికి పడుతుందనుకున్నావా?"

కొందరు నవ్వారు. ఓర్డ్రిక్ కూడా నవ్వబోయి మూతి తుడుచుకున్నాడు. సెల్బర్గ్ బల్ల మీది మట్టికి దూరంగా జరిగింది. అది చూసి టిల్బా కడుపు చల్లబడింది. వచ్చాడు. మామగారు వచ్చాడు. ఇక తన భార్యను తీసుకుపోతాడు.

అప్పుడు టిల్బా పక్కన బల్ల... కుంగింది.

ఎవరూ కూర్చోలేదు. కానీ చెక్క కిందికి వంగింది. ఎడమ భుజం అంతా చల్లగా అయిపోయింది. మట్టి వాసన. దానిలో తేనె వాసన.

"అటు కాదు..." టిల్బా పెదవులు కదలకుండా గొణిగింది. "అదుగో... మీ ఆవిడ అక్కడుంది."

చెవికి బాగా దగ్గరగా వచ్చింది మాట. గొంతులో మట్టి అడ్డుపడిన మాట.

"అది నా దగ్గరికి రాలేదు."

"మామయ్యా..."

"నువ్వొచ్చావు. నీ చేత్తో మొదటి గుక్క పోశావు."

లేవబోయింది. ఒడిలో ఉన్న చేతి మీద బరువుగా ఏదో పడింది. కనిపించదు. వేళ్ళ మధ్యకి వేళ్ళు దూర్చింది. చావడి అంతా మళ్ళీ మాటలతో నిండిపోయింది. ఎవరో పాట అందుకున్నారు. ఇంతమంది ఉన్నారు. అరిస్తే చాలు.

ఓర్డ్రిక్ వైపు చూసింది. ఆపద వస్తే ఎప్పుడూ అటే చూడటం అలవాటు. మొగుడని పిలుచుకున్న మనిషి. పిలుపు విన్నట్టే ఓర్డ్రిక్ కూడా తలెత్తి ఆమెను చూశాడు. పెళ్ళికి ముందటి చూపు. ఇన్నాళ్ళుగా చూడని చూపు.

చేతి మీద పట్టు బిగిసింది.

"ఎవర్ని చూస్తున్నావు?"

"ఎవర్నీ కాదు..."

"ఎవర్ని?"

ఓర్డ్రిక్ గొంతు పట్టుకున్నాడు. నోరు తెరిచాడు. దగ్గు రాలేదు. మట్టి వచ్చింది. గుప్పెడు... ఇంకో గుప్పెడు... ముక్కులోంచి కూడా. సెల్బర్గ్ కేక పెట్టింది. మనుషులు బల్లలు తోసుకుని పరుగెత్తారు. వీపు మీద చరిచారు. తలకిందులుగా పట్టుకున్నారు. మట్టి వస్తూనే ఉంది.

టిల్బా కళ్ళు మూసుకుంది. అప్పటికే ఆలస్యమైంది.

తెల్లారేసరికి ఈటెలవాళ్ళు విగ్‌స్టన్ వెనక నిలబడ్డారు. సెల్బర్గ్ అదే గౌనులో అతని పక్కన కూర్చుంది. విషం పెట్టించావని విగ్‌స్టన్‌ని అనగలిగే దమ్ము పెద్దల్లో ఎవరికీ లేదు.

అన్నకు వేరే దిబ్బ కట్టడానికి విగ్‌స్టన్ ఒప్పుకోలేదు. "ఒక్క పూట రాజుకి దిబ్బెందుకు? నాన్నంటే అంత ప్రేమ కదా, ఆయన పక్కనే పెట్టండి."

దిబ్బ పక్కనుంచి తవ్వారు. పైచెక్కలు తీశారు. బేగా దీపం పట్టుకుని ముందుగా లోపలికి వంగింది. దీపం ఇంకాస్త కిందికి దించింది.

"ఏమైంది ముసల్దానా?" అన్నాడు విగ్‌స్టన్.

"నేనే పడుకోబెట్టాను అయ్యా. పడవ నడిమధ్యన." ఆమె వేలు పెట్టి చూపించింది. "ఇప్పుడు... ఒక పక్కకి జరిగి ఉన్నారు."

అందరూ చూశారు. రాజు పడవ అంచుకి ఆనుకుని, ఖాళీ వైపు తిరిగి ఉన్నాడు. కుడిచెయ్యి చాచి ఉంది, పక్కన ఎవరి తలో ఆనుకోవడానికన్నట్టు.

తల వంచుకుని నిలబడిన టిల్బా మాత్రం చూడలేదు. రాత్రి నుంచి ఆమె ఎవరి వైపూ చూడటం లేదు.

"చోటుందిగా," అన్నాడు విగ్‌స్టన్. "మంచిదే. పెట్టండి."

ఆ ఖాళీలోనే ఓర్డ్రిక్‌ని పడుకోబెట్టారు. చెక్కలు కప్పి, మట్టి వేసి, గడ్డి పెళ్ళలు పేర్చి తొక్కారు. చుట్టూ కాపలా పెట్టి వెళ్ళారు.

మర్నాడు పొద్దున గొర్రెలవాడు నేతపాక గుమ్మం దగ్గరికి వచ్చి, బేగాని బయటికి పిలిచాడు. వాడి పళ్ళు టకటకలాడుతున్నాయి.

ఓర్డ్రిక్ శవం దిబ్బ బయట, మంచులో పడి ఉంది. లోపల రాజు పక్కన చోటు మళ్ళీ ఖాళీ. కాపలావాళ్ళు ఎవర్నీ చూడలేదు. ఏ చప్పుడూ వినలేదు. పేర్చిన గడ్డి పెళ్ళ ఒక్కటి కూడా కదల్లేదు.