మిద్దె మీద నల్ల పట్ట

సోలార్ పనిలో చేరిన వాళ్ళకు మొదట నేర్పేది ఒకటే. ఎండ ఉన్నంతసేపూ ప్యానెల్‌ను ఏ స్విచ్చీ ఆపలేదు. కింద ఇన్వర్టర్ ఆపినా, మెయిన్ ఆపినా, పైన వైర్లలో కరెంటు అలాగే ఉంటుంది. మబ్బు పట్టినా ఉంటుంది. పైన వైరు ముట్టుకోవాలంటే ప్యానెళ్ళ మీద మందపాటి నల్ల టార్పాలిన్ పట్ట కప్పాలి, లేదా పొద్దు గుంకేదాకా ఆగాలి. ఈ పాఠం నాకు చెప్పింది మా ఆయన విమల్. పెళ్ళయిన కొత్తలో తిరుత్తణిలో మా షాపు ముందు నిలబెట్టి, ఎక్కాలు అప్పజెప్పించినట్టు పదిసార్లు చెప్పించాడు. "ఏమే యువరాణీ, కాపురానికొచ్చినావా, పరీక్షకొచ్చినావా?" అని మా అత్త అలిమేలమ్మ నవ్వేది.

మొన్న మాసి నెలలో, ఎండలు మొదలవుతుండగా, తిరువాలంగాడు దగ్గర రంగనాయకమ్మగారి ఇంటికి నేను ఒక్కదాన్నే వెళ్ళాను. ఆమె మిద్దె మీద పన్నెండు ప్యానెళ్ళు బిగించింది మేమిద్దరమే. నాలుగు నెలల కిందట విమల్ పోయింది కూడా ఆ మిద్దె మీదే.

"వాటిని దించుకొని పోమ్మా. పొద్దు గూకితే మిద్దెక్కే ధైర్యం లేకుండా పోయినాది నాకు," అని ఆమె ఫోన్‌లో బతిమాలింది. దించే మనుషులు మర్నాడు వస్తారు. వైర్లు విప్పడం మాత్రం ఆ సాయంత్రమే చీకటి పడగానే ముగిద్దామని, ఐదేళ్ళ మా నివేదను అత్త దగ్గర వదిలి వెళ్ళాను.

విమల్ ఎలా పోయాడో లోకానికి తెలిసింది ఒకటి, జరిగింది ఒకటి. అవి ఐప్పసి నెల వానల రోజులు. ఉడత కొరికిన వైరు మార్చాలని విమల్ పట్ట కప్పి ప్యానెళ్ళ కిందికి దూరాడు. పక్కనే రంగనాయకమ్మగారు ఆరబోసిన చెనక్కాయలు. ఉన్నట్టుండి తుంపర మొదలైంది. "అయ్యో, నా కాయలు!" అని ఆమె కింది నుంచి గోల. తలెత్తి చూస్తే ఆకాశమంతా నల్లగా ఉంది. ఇంత మబ్బులో ఏం కరెంటులే అనుకున్నాను. విమల్‌కు ఒక్క మాటైనా చెప్పకుండా పట్ట లాగి కాయల మీద పరిచాను. అతని మోచెయ్యి తడిసిన ఇనుప స్టాండుకు ఆని ఉంది. చేతిలో తెగిన వైరు ఉంది. అరవడానికైనా వ్యవధి లేకపోయింది.

పోలీసులు అడిగితే, "పట్ట మొదట్నుంచీ కాయల మీదే ఉండాది సార్. ఆయనే కప్పేది మరిచిపోయినాడు," అన్నాను. నన్నే జైల్లో వేస్తారేమో, నా బిడ్డ ఏమైపోతుందో అని భయపడ్డాను. ఆ మాట ఊరూరా పాకింది. విమల్ లాంటివాడే అంత అశ్రద్ధ చేశాడా అని సోలార్ వాళ్ళందరూ నోళ్ళు నొక్కుకున్నారు. మా అత్త పదిమందిలో కొడుకును తిట్టుకుంటూ ఏడ్చింది. ఏడేళ్ళు నన్ను పువ్వులా చూసుకున్న మనిషికి, చచ్చాక నేనిచ్చిన పేరు అది.

ఆరున్నరకు మిద్దె ఎక్కాను. పడమట ఎరుపు పోయేదాకా కూర్చుని, తలకు టార్చి కట్టుకుని పని మొదలుపెట్టాను. గాలి లేదు. దూరంగా రైలు స్టేషన్‌లో ఏదో బండి ఆగి, కదిలి, దాని చప్పుడు కూడా సన్నగిల్లిపోయింది. పన్నెండు ప్యానెళ్ళ మధ్య పదకొండు జోడింపులు. ఒక్కొక్క కనెక్టరూ నొక్కి విడదీశాను. అన్నీ అయ్యాక వరుస రెండు చివరలకూ మీటరు తగిలించాను. సున్నా.

సామాన్లు సర్దుతుంటే వాసన వచ్చింది. వానలో తడిసిన ఇనుము వాసన. దాంట్లో కాలిన ప్లాస్టిక్ వాసన. మిద్దె మాత్రం ఎండిపోయి ఉంది.

అవతలి చివర ప్యానెళ్ళ కింద... టక్.

కనెక్టరు బిగిసిన చప్పుడు. ఆ చప్పుడు నాకు నిద్రలో వినబడినా తెలుస్తుంది.

టక్.

టార్చి అటు తిప్పాను. ఇనుప కాళ్ళ నీడలు తప్ప ఏమీ లేవు. మూడు... నాలుగు... చప్పుడు నా వైపే వస్తోంది. మనిషి వెల్లకిలా పడుకుని, వీపుతో జరుగుతూ పని చేస్తున్నట్టు బట్ట నేలకు రాసుకుంటోంది. ఏడు... ఎనిమిది... మీటరులో ఇంకా సున్నానే. మధ్యలో ఒక్క జోడింపు విడిగా ఉన్నా సున్నానే ఉంటుంది. తొమ్మిది. పది.

టక్.

మీటరులో ఐదువందల నాలుగు. ఆకాశంలో చుక్కలు తప్ప వెలుగు లేదు. ఐదువందల నాలుగు వోల్టులు.

"రాణీ..."

నా మోకాళ్ళ దగ్గర, ప్యానెల్ కింది నుంచి. విమల్ గొంతే.

"నేను కప్పినా గదా?"

కోపం లేదు ఆ గొంతులో. షాపు మూసి ఇంటికొచ్చాక, తాళం వేసినా గదా అని అడిగే గొంతు.

"మామా..." అన్నాను.

"అందురూ మరిచిపోయినానంటా ఉండారు... అమ్మ గూడా అంటాది... నాకు కప్పినట్టే ఉండాది. దినామూ వచ్చి అన్నీ చూసుకుంటా ఉండాను... యాడ తప్పు చేసినానో తెలీలేదు. నువ్వు పక్కనే ఉన్నావు గదా... చెప్పు, రాణీ."

నిజం నాలుక చివరిదాకా వచ్చింది. చెప్పేస్తే ఏం చేస్తాడో... ఈ చీకట్లో, నా కాళ్ళ పక్కనే... ఏడేళ్ళలో మొదటిసారి నా మొగుడంటే నాకు భయం వేసింది.

"లేదు మామా... మరిచిపోయినావు."

"అట్లనా," అన్నాడు మెల్లగా. "మరిచిపోయింటాను లే. నువ్వు అబద్ధం చెప్పేదానివి కాదు." తర్వాత ఇంకా చిన్న గొంతుతో, "ఇంక మరిచిపోను, రాణీ."

మీటరు సున్నాకు వచ్చింది.

మెట్ల మీద కూలబడి గుండెలు బాదుకుని ఏడ్చాను. దెయ్యాన్ని చూసి కాదు. చచ్చినవాడు కూడా నా మాట నమ్మినందుకు. ఆ రాత్రే అత్త కాళ్ళు పట్టుకుని ఉన్నదంతా చెప్పాను. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమే. ఆమె తిట్టలేదు. "నా బిడ్డను నా చేతనే తిట్టించినావు గదే," అని మాత్రం అంది. మర్నాడు పోలీసు స్టేషన్‌కు పోయి చెప్పాను, తెలిసిన ప్రతి సోలార్ షాపుకూ పోయి చెప్పాను. బతికి ఉన్నవాళ్ళందరికీ తెలిసింది. తెలియాల్సినవాడికి ఎలా చెప్పాలో తెలియలేదు.

ఆ పొద్దున రంగనాయకమ్మగారి మిద్దె ఎక్కిన పనివాళ్ళకు ప్యానెళ్ళు పట్ట కప్పి కనబడ్డాయట. ఎవరు కప్పారో ఆమెకూ తెలియదు. తర్వాతి వారం పళ్ళిపట్టులో నేను కొత్తగా బిగించిన మిద్దె మీద కూడా అంతే. నేను పైకి వెళ్ళేసరికే, మడత పడకుండా, నాలుగు మూలలూ లాగి కట్టిన నల్ల పట్ట. ప్రతి మిద్దె మీదా నిలబడి, "నువ్వు మరిచిపోలేదు మామా, తీసింది నేను," అని చెప్తూనే ఉన్నాను. మరో మిద్దెకు పోతే మళ్ళీ అదే పట్ట.

నిన్న తెల్లవారుతుండగా లేచి చూస్తే పక్క మంచంలో నివేద కనబడలేదు. నల్ల పట్ట ఉంది. తల నుంచి పాదాల దాకా కప్పి, నాలుగు మూలలూ మంచం కోళ్ళకు బిగించి ఉంది. గోళ్ళు విరిగేలా ముళ్ళు విప్పి లాగేశాను. పిల్ల వెచ్చగా ఊపిరి తీస్తూ పడుకుని ఉంది. గుండెలకు హత్తుకున్నాను.

నివేద కళ్ళు తెరవకుండానే గొణిగింది.

"తియ్యొద్దమ్మా... పొద్దు గూకేదాకా తియ్యొద్దన్నాడు నాయన."

అప్పటికే కిటికీలోంచి తొలి ఎండ దాని పాదాల మీద పడింది. పిల్లను పట్టుకున్న నా వేళ్ళకు సన్నగా... కరెంటు తగిలింది.