పాచిపటం

2070లో విశాఖ ఇళ్లలో పొద్దున్నే కాఫీకంటే ముందు పెద్దవాళ్ల తలకి టోపీ తొడుగుతున్నారు. పూర్వం బీపీ చూసుకునేవారట, అలాగే. అల్జైమర్స్ రోగి మెదడులో అమైలాయిడ్, టావ్ అనే మాంసకృత్తులు ఎక్కడెక్కడ పేరుకున్నాయో ఆ టోపీ తెరమీద రంగుల్లో చూపిస్తుంది, ఆ క్షణాన ఏ భాగం పనిచేస్తోందో వెలుగుతో చూపిస్తుంది. పళ్లకి పాచి పట్టినట్టు అవి మెదడుకి పడతాయి కాబట్టి, ఆ టోపీని కనిపెట్టిన డాక్టర్ నీరజాక్షి ముచ్చటపడి ‘పాచిపటం’ అని పేరు పెట్టింది. మనిషికి ఏ జ్ఞాపకం పోయిందో కళ్లారా చూస్తే ఇంట్లోవాళ్లు విసుక్కోరని ఆమె ఆశ. ఎంత పిచ్చి ఆశ!

భార్యకి ఆ జబ్బొచ్చిన కోదండానికి ఆ పటం చదవడం నేర్పింది కూడా ఆమే.

“ఇక్కడ ఎర్రగా ఉందంటే, ఆ రోజు జరిగింది మీ ఆవిడకి మర్నాటికి గుర్తుండదు. అడిగిందే అడుగుతుంది. కోప్పడకండి,” అని చిలక్కి చెప్పినట్టు చెప్పింది. ఆయన బుద్ధిగా తలూపాడు.

తర్వాతి పరీక్షకి వచ్చినప్పుడు ఆయన భార్య సుభాషిణి జబ్బలు రెండూ కమిలిపోయి ఉన్నాయి. కొన్ని మచ్చలు పాతవి, కొన్ని నిన్నటివి.

“ఏమైందమ్మా?”

“ఏమోనమ్మా, తెలీదు,” అని నవ్వింది సుభాషిణి.

నీరజాక్షి ఆమె తలకి టోపీ తొడిగింది. కోదండాన్ని లోపలికి పిలిచింది. గుమ్మం అవతల ఆయన దగ్గు వినపడగానే సుభాషిణి కుర్చీలో ముడుచుకుపోయింది.

“నేనేం ఒలకబొయ్యలేదండీ,” అంది, ఎవరూ ఏమీ అనకుండానే.

తెరమీద పటంలో ఓ మూల వెలుగు భగ్గుమంది. అది అమిగ్డాలా, భయం కాపురముండే చోటు. అక్కడ పాచి చుక్కైనా లేదు.

“ఎందుకు కొట్టారు?” అంది నీరజాక్షి.

“అబ్బే, కొట్టడమేంటండీ! విసుగొచ్చినప్పుడు ఓ దెబ్బ. అదీ ఎర్రగా ఉన్న రోజే, పటం చూసుకునే. తనకి గుర్తుండదు కదండీ, మీరేగా చెప్పారు.”

ఛీ! వీడు పటం చూసి మరీ ముహూర్తం పెట్టుకున్నాడు. ఆ పటం గీసిన తన చేతుల్ని చూసుకుంటేనే నీరజాక్షికి రోత పుట్టింది.

“దెబ్బ గుర్తులేదు, భయం మాత్రం ఉంది. చూడండి, మీ దగ్గు వింటేనే వణికిపోతోంది. ఈవిణ్ణి మీతో పంపను. పోలీసులకి చెబుతున్నాను.”

కోదండం వంగి ఆ తెరకేసి చాలాసేపు చూశాడు. కళ్లలో నీళ్లు తిరిగాయి. పశ్చాత్తాపమనుకుంది నీరజాక్షి, ఇంకా బుద్ధి రాక.

“నన్ను చూసి అలా ముడుచుకుపోతుంటే నా ప్రాణానికి ఎంత కష్టంగా ఉంటుందో మీకేం తెలుసండీ?” అంటూ రెండు చేతులూ జోడించాడు. “ఆ మూలకి కూడా కాస్త పాచి పట్టించలేరా, డాక్టరుగారూ?”