అరగని సబ్బు

తెల్లవారకముందే ప్రయూన్ పెరట్లో కూర్చుని దుప్పటి ఉతుక్కుంటున్నాడు. చప్పుడు కాకుండా కుళాయి సన్నగా తిప్పి, ధారని బకెట్టు అంచు మీదుగా జారనిచ్చాడు. భార్య బువాలై లేచేలోపు దుప్పటి తీగ మీదికి చేరాలి.

వానాకాలంలో అతనికి ప్రొస్టేట్ కాన్సర్‌కి ఆపరేషన్ అయింది. గడ్డ పూర్తిగా పోయిందన్నాడు డాక్టరు. అదృష్టవంతుడివన్నారు అందరూ. నిజమే. కానీ దగ్గినా, నవ్వినా, కుర్చీలోంచి లేచినా తనకి తెలియకుండానే తడిసిపోతున్నాడు. మగతనం సంగతి డాక్టరు మెల్లగా ఏదో చెప్పబోతే తల తిప్పుకున్నాడు. ఇంటికొచ్చిన రోజే చాప చుట్టుకుని వెనక గదిలోకి మారిపోయాడు. ఉద్యోగమంతా గూడ్సు బండి చివరి పెట్టెలో గార్డుగా ఒంటరిగా గడిపినవాడికి ఒంటరి పడక ఒక లెక్కా అనుకున్నాడు.

ఆ రోజు సోంగ్‌క్రాన్, కొత్త సంవత్సరం. వీధిలో చిన్నవాళ్ళంతా వచ్చి పెద్దల చేతుల మీద పూలనీళ్ళు పోసి, ఏడాదిలో చేసిన తప్పులకి క్షమాపణ అడిగి దీవెనలు తీసుకుంటారు. చియాంగ్ మై నుంచి కూతురు తిప్ కూడా వచ్చింది.

"నాన్నా, చొక్కా మార్చుకోండి. పిల్లలు వచ్చేస్తున్నారు."

"జ్వరమని చెప్పు."

తిప్ తండ్రి నుదుటి మీద చెయ్యి పెట్టి చూసింది. "పెళ్ళిళ్ళకీ పండగలకీ మాత్రమే వచ్చే జ్వరమా ఇది? అమ్మా, నువ్వైనా చెప్పు."

బువాలై మల్లెలు తుంచి గిన్నెలో వేస్తోంది. "చెప్పి చెప్పి అలిసిపోయానే. మీ నాన్న ఈ ఇంట్లో అద్దెకుంటున్నారు. వేళకి తింటారు, తలుపేసుకుంటారు. గొడవ పెట్టని మనిషి."

"నా బాధ నీకేం తెలుసు బువా?" అన్నాడు ప్రయూన్.

"తెలీదు. చెబితే కదా."

తిప్ ఇద్దరినీ చూసి, గిన్నె తీసుకుని వాకిట్లోకి వెళ్ళిపోయింది.

"నేనిప్పుడు మగాణ్ణి కాదు," అన్నాడతను గోడవైపు చూస్తూ. "నీ పక్కన పడుకుని ఏం చెయ్యను? పక్క తడపనా?"

బువాలై అలసటగా అతని చాప అంచున కూర్చుంది. "మిమ్మల్ని నేనేం అడిగానండీ? చలికాలమొస్తే నా పాదాలు మంచుగడ్డలైపోతాయి. మీ పిక్కల మీద పెట్టుకుంటే తప్ప నిద్ర పట్టదు. ఈసారి ఎలా పడుకున్నానో ఒక్కసారైనా అడిగారా? పక్క తడిస్తే ఉతుక్కుంటాం. రోజూ ఉతుకుతూనే ఉన్నారుగా."

"నీకు... తెలుసా?"

"ఆ కుళాయి ఆగేదాకా కళ్ళు మూసుకునే ఉంటాను. మీరు లోపలికి వెళ్ళాక లేస్తాను."

ప్రయూన్‌కి సబ్బు గుర్తొచ్చింది. ఇన్ని నెలలుగా రుద్దుతున్నా గట్టు మీది సబ్బు అరగలేదు. మంచి సబ్బు అనుకున్నాడే గాని, పాతది తీసి కొత్తది పెట్టే చెయ్యి ఒకటుందని తోచలేదు.

పూల చొక్కా తొడుక్కుని వాకిట్లో చాప మీద కూర్చున్నాడు. పిల్లలు వరసగా నీళ్ళు పోస్తున్నారు. ఎదురింటి ఆవిడ నవ్వుతూ అంది, "గార్డుగారూ, ఎవరో జెండా ఊపితే గాని మీరు కదలరా?"

నెలల తరవాత ప్రయూన్‌కి నవ్వొచ్చింది. నవ్వుతోపాటే వెచ్చగా తడి కూడా. లేతరంగు ప్యాంటు. దీవెన సగంలోనే ఆగిపోయింది. చుట్టూ ఇంతమంది ఉండగా లేవనూ లేడు, కూర్చోనూ లేడు.

బువాలై అతని మొహం చూసింది. పెద్ద గిన్నె ఎత్తి, చేతుల మీద పోయబోతున్నట్టు వంగి, మొత్తం అతని ఒళ్ళో కుమ్మరించింది.

"చెయ్యి జారింది," అంది, ఏమాత్రం కంగారు లేకుండా.

పిల్లలకి అదే చాలు. క్షణంలో బకెట్లు లేచాయి. వాకిలి, చాప, ఎదురింటావిడ, తిప్ జడ, అన్నీ తడిసిపోయాయి. ఎవరిది ఏ తడో ఎవరికీ తెలియదు. ఆ తడిలోనే ప్రయూన్ ఆగిన దీవెన పూర్తిచేశాడు.

అందరూ వెళ్ళాక, గిన్నెలో మళ్ళీ నీళ్ళు నింపుకుని భార్య ముందు కూర్చున్నాడు. "నా తప్పులేమైనా ఉంటే..." అన్నాడు.

"ఉన్నాయి," అంది బువాలై, చేతులు చాపి. "పొయ్యండి."

మధ్యాహ్నం అతను చాప చుట్టి వెనక గదిలోంచి తెచ్చుకుని ఆమె పక్కన పడుకున్నాడు. బయట ఎండ మండిపోతోంది. ఆమె పాదాలు పొయ్యి దగ్గర రాళ్ళలా వేడిగా ఉన్నాయి. అయినా తెచ్చి అతని పిక్కల మీద పెట్టింది. అతను కదలలేదు.